నెగటివ్ అంటే ఏమీ లేదని కాదమ్మా!

పోయిన వారం ఎండుమిరపకాయలు పురుగు పట్టకుండా దాచుకునే సంగతి చెప్పుకున్నాం. ఈ వారం కొంచెం సిగ్గుపడే సంగతి ఒకటి చెబుతాను. మలపరీక్ష గురించి. ముక్కు చిట్లించి పేజీ తిప్పెయ్యకండి! పసిబిడ్డ దొడ్డికి పోతే రంగు చూసి, జిగురు చూసి, "వీడికి పాలు అరగలేదు", "వాడికి వేడి చేసింది" అని చెప్పేది మనమే కదా. ఇంటిల్లిపాదికీ చూస్తాం. మన సంగతికి వచ్చేసరికి మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా నీళ్ళు పోసి వచ్చేస్తాం.

నేను ఇది రాయడానికి కారణం జమ్మలమడుగులో ఉండే మా చిన్నమ్మ. రాయమని చెప్పింది కూడా ఆమే. "నా పేరు రాయొద్దు గానీ, నాకు జరిగింది మాత్రం రాయి పాపా" అనింది.

2022లో సంగతి. చిన్నమ్మకప్పుడు 58 ఏళ్ళు. ముట్లు ఆగిపోయి ఏడెనిమిదేళ్ళయింది. మిద్దె మెట్లెక్కితే ఆయాసం, సంగటి కెలికితే చేతులు పీకడం. రక్తం పరీక్ష చేయిస్తే హీమోగ్లోబిన్ ఏడున్నర ఉంది. ఆడవాళ్ళకు రక్తం తక్కువ అంటే ఎవరూ ఆశ్చర్యపోరు కదా! ఇనుము మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలకు విరేచనం నల్లగా అవుతుంది కాబట్టి, నల్లగా పోతున్నా ఎవరమూ పట్టించుకోలేదు. అప్పుడప్పుడూ కాస్త ఎర్రగా కూడా కనబడిందట. "మొలలుంటాయిలే" అనుకుని ఎవరికీ చెప్పలేదు.

మధ్యలో ఒకసారి మలపరీక్ష రాశారు. కంటికి కనబడని రక్తం ఉందేమో చూసే పరీక్ష. దాన్నే లాబుల్లో 'ఆకల్ట్ బ్లడ్' అంటారు. కాగితం తెచ్చుకునేదానికి నేను ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి పోయినాను. ఇంటర్ దాకా చదివినదాన్ని గదా, మా వాళ్ళల్లో ఇంగ్లీషు కాగితాలన్నీ నేనే చదివి చెప్పాలి. 'నెగటివ్' అని ఉంది. "ఏం లేదంట చిన్నమ్మా, హాయిగా ఉండు" అన్నాను. ఆ పూట ఆమె సంతోషంతో ఉగ్గాని, బజ్జీ చేసి పెట్టింది. కడుపు నిండా తిని వచ్చినాను.

అయిదు నెలలకు ఆమె సగమైంది. కుడివైపు కడుపులో నొప్పి. తిరుపతికి తీసుకుపోతే గొట్టం వేసి చూసే పరీక్ష, అదే కొలనోస్కోపీ చేశారు. పెద్దపేగు కుడివైపున గడ్డ. క్యాన్సర్. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్ అయింది. పక్కనున్న గ్రంథులకు కూడా పాకిందని ఆరు నెలలు మందులెక్కించారు. దేవుడి దయవల్ల ఇప్పుడు బాగుంది, తన సంగటి తానే కెలుక్కుంటోంది. కానీ 'ఏం లేదంట' అని నోటితో చెప్పింది నేను. ఆ మాట నా గొంతులో ముల్లులాగా ఉండిపోయింది.

ఉండబట్టలేక ఆ డాక్టరుగారినే అడిగాను. "సార్, ఆ పరీక్ష తప్పా?" అని. ఆయన చెప్పింది, తర్వాత మా చెల్లెలి కూతురు నర్సమ్మ విడమర్చింది కలిపి మీకు చెబుతున్నాను.

పరీక్ష దేన్ని చూస్తుంది?

మొదట ఒకటి తెలుసుకోవాలి. ఈ పరీక్ష క్యాన్సర్‌ను చూడదు. రక్తాన్ని చూస్తుంది. పేగులో గడ్డ గానీ, గడ్డగా మారబోయే పులిపిరి లాంటి కండ గానీ ఉంటే (దాన్ని పాలిప్ అంటారు) దాని మీద మలం రాసుకుంటూ పోయినప్పుడు కాస్త రక్తం ఊరుతుంది. ఆ చుక్క కోసం వెతకడమే ఈ పరీక్ష. గడ్డ ఉన్నా ఆ రోజు రక్తం ఊరకపోతే కాగితం మీద నెగటివ్ వస్తుంది. గడ్డ లేకపోయినా మొలల నుంచో, కడుపులో కొంకిపురుగుల నుంచో, జిగట విరేచనాల నుంచో రక్తం వస్తే పాజిటివ్ వస్తుంది. రెండువైపులా పొరపాటుకు చోటుంది.

ఇందులో రెండు రకాలున్నాయి. పాతది గ్వయాక్ పరీక్ష. గ్వయాకం అనే చెట్టు బంక పూసిన కాగితం మీద మలం రాసి, మందు చుక్క వేస్తారు. రక్తం ఉంటే నీలంగా మారుతుంది. చిక్కేమిటంటే, ఆ కాగితానికి మనిషి రక్తానికీ పొట్టేలు రక్తానికీ తేడా తెలియదు. ముందురోజు పొట్టేలు రక్తం వేపుడో, కార్జమో, మాంసమో తిన్నా నీలం రావచ్చు. ముల్లంగి, కాలీఫ్లవర్ తిన్నా రావచ్చు. అందుకని మూడు రోజుల ముందు నుంచీ ఇవి మానమంటారు. మూడు వేర్వేరు విరేచనాల నుంచి నమూనాలు ఇమ్మంటారు.

దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది. సి విటమిన్ ఎక్కువగా తీసుకుంటే, రక్తం ఉన్నా నీలం రాదు! ఇది విని నాకు కాళ్ళు ఆడలేదు. ఎందుకంటే కరోనా రోజుల్లో మనందరికీ అలవాటైన ఆ చప్పరించే మాత్ర, 500 మిల్లీగ్రాములది, ఇనుము ఒంటికి బాగా పడుతుందని చిన్నమ్మకు రోజూ వేసుకోమని చెప్పింది నేనే. రోజుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదట, ఈ పరీక్షకు ముందు. "దానివల్లే తప్పిందని చెప్పలేమమ్మా. ఆ రోజు రక్తం ఊరలేదేమో, ఒక్కసారే చేసినందుకేమో" అన్నారు డాక్టరుగారు. ఓదార్పుకు అన్నారో నిజమే అన్నారో! ఇనుము మాత్రతో సి విటమిన్ మంచిదే. మలపరీక్ష రాసినప్పుడు మాత్రం ఏమేం మాత్రలు వేసుకుంటున్నారో ముందే చెప్పాలి.

రెండోది కొత్తది, 'ఫిట్' అంటారు. ఇది మనిషి రక్తాన్ని మాత్రమే గుర్తుపడుతుంది. కాబట్టి తిండి పథ్యం అక్కర్లేదు. ముల్లంగి సాంబారు తిన్నా బెంగలేదు. సాధారణంగా ఒక్క నమూనా చాలు. ఇంగ్లండులో 2019 నుంచి పాతది మానేసి దీన్నే ఇళ్ళకు పోస్టులో పంపుతున్నారు. జపానులో 1992 నుంచీ 40 ఏళ్ళు దాటినవాళ్ళకు ఇదే. లాబులో 'ఆకల్ట్ బ్లడ్' అని ఒక్క మాటే రాస్తే ఏ రకమో తెలియదు. "పాతదా, ఫిట్టా?" అని అడగండి. అడిగితే ఎవరూ తప్పుబట్టరు.

ఎంతవరకు నమ్మొచ్చు?

దీనికి మన లెక్క ఒకటి చెబుతాను. ఏ బాధా లేని, 50 దాటిన 1000 మంది ఫిట్ చేయించుకున్నారనుకోండి. వాళ్ళలో 5 మందికి లోపల క్యాన్సర్ ఉందనుకోండి. (ఈ 5 నేను లెక్క కోసం అనుకున్నది.) 2014లో 19 పరిశోధనలు కలిపి చూస్తే, ఫిట్ నూటికి 79 క్యాన్సర్లను పట్టుకుందని, క్యాన్సర్ లేనివాళ్ళలో నూటికి 94 మందికి సరిగ్గా 'లేదు' అని చెప్పిందని తేలింది. అంటే మన 5 మందిలో 4 దొరుకుతారు, ఒకరు తప్పిపోతారు. మిగిలిన 995 మందిలో దాదాపు 60 మందికి క్యాన్సర్ లేకపోయినా పాజిటివ్ వస్తుంది.

ఇప్పుడు చూడండి. పాజిటివ్ కాగితం పట్టుకున్నవాళ్ళు 64 మంది. అందులో నిజంగా క్యాన్సర్ ఉన్నది నలుగురికి. కాబట్టి పాజిటివ్ రాగానే తాళి పట్టుకుని ఏడవాల్సిన పనిలేదు. అట్లాగని చించి పారేయకూడదు. నెగటివ్ వచ్చిన 936 మందిలో జబ్బు దాగింది ఒక్కరికే. వాళ్ళకు ధైర్యమే. కానీ ఆ ఒక్కరు మన చిన్నమ్మ కావచ్చు కదా!

పాలిప్‌ల సంగతిలో ఫిట్ ఇంకా తక్కువ. 2014లోనే అమెరికాలో దాదాపు 10 వేల మందిని చూస్తే, క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఎక్కువున్న కండల్లో నాలుగింట ఒకటి మాత్రమే ఫిట్‌కు దొరికింది. మలంలోని జన్యుపదార్థాన్ని కూడా చూసే కొత్త పరీక్షకు ఇంకొన్ని ఎక్కువ దొరికాయి. కానీ ఉత్తి పాజిటివ్‌లు కూడా దానికే ఎక్కువ వచ్చాయి. ఇక పాత గ్వయాక్ ఒక్కసారి చేస్తే సగం క్యాన్సర్లను కూడా పట్టుకోలేని సందర్భాలున్నాయి.

"మరి ఇంత తప్పులతడకైతే ఎందుకు చేయించుకోవడం?" అంటారా? నేనూ అదే అడిగాను. బియ్యం ఏరడం గుర్తు తెచ్చుకోండి. ఒక్కసారి చేట తిప్పితే రాళ్ళన్నీ దొరుకుతాయా? రెండోసారి, మూడోసారి ఏరుతాం. మలపరీక్ష బలం కూడా మళ్ళీ మళ్ళీ చేయించుకోవడంలోనే ఉంది. ఈ ఏడు తప్పిన గడ్డ వచ్చే ఏడు దొరకొచ్చు, ఎందుకంటే చాలావరకు ఇది నిదానంగా పెరిగే జబ్బు. అమెరికాలోని మిన్నెసోటాలో 46 వేలమందికి పైగా మీద చేసిన పరిశోధన ఫలితం 1993లో వచ్చింది. పాత గ్వయాక్ పరీక్షనే ఏటేటా చేయించుకుని, పాజిటివ్ వచ్చినవాళ్ళకు కొలనోస్కోపీ చేస్తే, పెద్దపేగు క్యాన్సర్ చావులు మూడోవంతు తగ్గాయి. ఏటా చేశారు కాబట్టే ఆ ఫలితం!

పాజిటివ్ వచ్చిన మా బావ

ఇప్పుడు పులివెందుల సంగతి. మా వారి అన్న, అంటే మా బావ, అక్కడ చీనీ, అరటి తోటలు చూసుకుంటారు. 2024లో వాళ్ళబ్బాయి హైదరాబాదులో అమ్మానాన్నలకు హెల్త్ చెకప్ చేయించాడు. బావకు ఫిట్ పాజిటివ్. మా తోడికోడలు ఫోనులో ఒకటే ఏడుపు. బావ మాత్రం "నాకు మొలలుండాయిలేమ్మే, దానిదే ఆ రక్తం. గొట్టం గిట్టం నాకొద్దు. అరటిగెలలు కోతకొచ్చినాయి" అని కూర్చున్నారు.

రెండు నెలలు అట్లాగే గడిచాయి. చివరికి చిన్నమ్మనే పులివెందులకు తీసుకుపోయినాను. ఆమె పెద్దగా ఏమీ చెప్పలేదు. "నాయనా, నేనూ మొలలే అనుకున్యా" అనింది, అంతే. వారంలో కడపకు పోయి గొట్టం వేయించుకున్నారు. క్యాన్సర్ లేదు. రెండు పాలిప్‌లున్నాయి. అక్కడికక్కడే తీసేశారు, కోత లేదు, కుట్టు లేదు. మొలలు కూడా ఉన్నాయట! ఆయన అన్న మాట సగం నిజమే. మొలలుంటే పాలిప్ ఉండకూడదని రూలేమీ లేదు కదమ్మా.

పాజిటివ్ వచ్చాక ఇంకోసారి అదే పరీక్ష చేయించి, నెగటివ్ వస్తే ఊరుకోవడం తప్పు. మొదటిసారి వచ్చిందంటే కొలనోస్కోపీకి పోవాల్సిందే. 2017లో అమెరికాలో ఫిట్ పాజిటివ్ వచ్చిన 70 వేలమంది వివరాలు చూస్తే, కొలనోస్కోపీ 10 నెలలు దాటించినవాళ్ళలో క్యాన్సర్, అందులోనూ ముదిరినది, ఎక్కువగా కనబడింది. కొన్ని వారాలు ఆలస్యమైతే కంగారు లేదు గానీ, కోతలయ్యాక, పెళ్ళయ్యాక, పండగయ్యాక అంటూ నెట్టుకుంటూ పోకూడదు.

ఇంట్లో నమూనా తీసే పద్ధతి

నాది కూడా పోయిన ఏడాది ప్రొద్దుటూరులో చేయించుకున్నాను. అప్పుడు తెలిసిన చిట్కాలివి.

నీళ్ళలో పడిన మలం పనికిరాదు. మన కింది దొడ్లకు పాత పేపరు మీద పలుచని ప్లాస్టిక్ కవరు పరుచుకోవచ్చు, లేదా వాడిపారేసే ఐస్‌క్రీం డబ్బా పెట్టుకోవచ్చు. డబ్బా పొడిగా ఉండాలి. మూత్రం కలవకూడదు. ఫిట్ సీసాలో పుల్ల ఉంటుంది. దాన్ని నాలుగైదు చోట్ల గుచ్చి, సీసాలో పెట్టి బిగిస్తే చాలు. గరిటెడు తియ్యాల్సిన పనిలేదు, ఎక్కువైనా లెక్క తప్పుతుంది.

బహిష్టు రోజుల్లో వద్దు. అయిపోయాక కూడా మూడు రోజులు ఆగండి. మొలలు బాగా కారుతున్నప్పుడు డాక్టరును అడిగి చేయండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు సొంతంగా మానెయ్యకండి, డాక్టరుకు చెప్పండి.

మన కడప ఎండల సంగతి మరీ ముఖ్యం. వేడికి మలంలోని రక్తం చెడిపోయి ఫిట్‌కు అందకుండా పోతుంది. ఇటలీలో ఫ్లోరెన్స్ వైపు చేసిన పరిశీలనలో ఎండాకాలంలో పాజిటివ్ వచ్చే అవకాశం చలికాలం కంటే 17 శాతం తగ్గింది. ఇటలీ ఎండకే అట్లాగైతే మన ప్రొద్దుటూరు మే నెల ఎండకు? సీసాను స్కూటరు డిక్కీలో పెట్టి బజారంతా తిరగకండి. పొద్దున తీసి పొద్దున్నే లాబుకు ఇవ్వండి. వీలైతే ఎండలు తగ్గాక చేయించుకోండి.

మీ ప్రశ్నలు

"మా అమ్మకు రక్తం పడుతోంది, మొదట మలపరీక్ష చేయించమంటారా?" అని ఒక సోదరి అడిగారు. వద్దు. కంటికే రక్తం కనబడుతుంటే కనబడని రక్తానికి పరీక్ష ఎందుకు? నేరుగా డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. ఇంట్లో కూర్చుని మలపరీక్ష చేయించి, నెగటివ్ వచ్చిందని ఊరుకోవడమే మేము చేసిన తప్పు.

"ఎన్నేళ్ళకు మొదలుపెట్టాలి?" ఇంగ్లండులో 50 నుంచి రెండేళ్ళకోసారి. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్ళకే మొదలుపెట్టమంటున్నారు, ఫిట్ అయితే ఏటా. మన దేశంలో 2016 పద్ధతి ప్రకారం 30 దాటినవాళ్ళకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడు క్యాన్సర్ల పరీక్షలే ఉన్నాయి. పెద్దపేగుది అందులో లేదు. మనవైపు ఈ జబ్బు పడమటి దేశాలకంటే తక్కువే. కానీ జనం ఎక్కువ కాబట్టి దేశం మొత్తం మీద ఏడాదికి సుమారు 70 వేల మందికి వస్తోంది. అమ్మకో నాన్నకో తోబుట్టువుకో వచ్చి ఉంటే మలపరీక్షతో సరిపెట్టుకోకుండా, కొలనోస్కోపీ ఎప్పుడు చేయించాలో ముందుగానే డాక్టరును అడగండి. మా చిన్నమ్మ పిల్లలు అడిగారు.

"కొలనోస్కోపీ అంటే భయం." భయం గొట్టానిది కాదమ్మా, ముందురోజు తాగే మందుది! మత్తిచ్చి చేస్తే పరీక్ష తెలియనే తెలియదని బావ అన్నారు. దానికి రెండు మూడు రోజుల ముందు నుంచీ సంగటి, జొన్నరొట్టె, ఆకుకూరలు, జామకాయ, టమాటా గింజలు మానాలి. తెల్లన్నం, పెరుగు, గుడ్డు తినొచ్చు. ముందురోజు డాక్టరు చెప్పినట్టు కొబ్బరినీళ్ళు, వడకట్టిన బార్లీనీళ్ళు లాంటివే. ఎర్రరంగు షర్బత్ వద్దు, లోపల రక్తంలాగా కనబడుతుంది.

ఈ పేజీ కత్తిరించి పెట్టుకోండి

బాధలేమీ లేనివాళ్ళకే మలపరీక్ష. ఒక్కసారితో సరిపోదు, డాక్టరు చెప్పిన లెక్కన మళ్ళీ మళ్ళీ చేయించాలి.

పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు, కొలనోస్కోపీకి పొమ్మని.

నెగటివ్ వచ్చినా ఈ నాలుగింటిలో ఏదున్నా డాక్టరుకు చెప్పాలి: విరేచనంలో రక్తం, వారాల తరబడి మారిపోయిన విరేచనాల తీరు, కారణం లేకుండా బరువు తగ్గడం, ముట్లు ఆగాక కూడా రక్తం తక్కువ ఉండడం.

చివరిది మనకు చాలా ముఖ్యం. ముట్లు ఆగిన ఆడమనిషికి రక్తం ఎక్కడికి పోతున్నట్టు? ఇనుము మాత్ర వేసుకుంటూనే ఆ మాట డాక్టరును అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. వైద్యానికి ఏమేం వర్తిస్తాయో ఆసుపత్రిలో వైద్యమిత్రను అడగొచ్చు.

నా కాగితం నెగటివ్ వచ్చింది. చదివి చెప్పమని చిన్నమ్మ ఫోన్ చేసింది. "నెగటివ్ అని రాసినారు చిన్నమ్మా. మళ్ళీ వచ్చే ఏడు చేయించుకుంటా" అన్నాను. "ఇప్పుడు చదవడం వచ్చింది నీకు!" అని నవ్వింది.

వచ్చే వారం కొర్రలతో చేసుకునే ఫలహారాలతో కలుద్దాం. సెలవు.